వాలు మీద నిలబడ్డవాడు

నార్బీ ఊళ్ళో గోళీని నేల మీద పెడితే పెట్టినచోటే ఉంటుంది. ఆ రెడ్ రివర్ లోయంతా అంతే. చక్కెరదుంప పొలాలు, వాటి మధ్య ఊళ్ళు, ఊళ్ళ మధ్య రోడ్లు, అన్నీ ఒకే మట్టం. మంచు పడ్డాక పిల్లలు దాని మీద జారే చెక్కబండితో ఆడుకోవాలన్నా రైలుకట్ట దాకా నడిచిపోవాలి. అలాంటి ఊళ్ళో ఒక పెద్దమనిషికి వాలు కావలసి వచ్చింది, దాని కోసం అతను పడ్డ అగచాట్లు ఇవి.

వెర్లిన్ హాగెన్ ముప్ఫై ఏళ్ళుగా నార్బీలో ఉత్తరాలు పంచుతున్నాడు. బండిలో కూర్చుని కిటికీలోంచి చెయ్యి చాపి డబ్బాల్లో పడేసే రకం కాదు. భుజాన సంచి, కాళ్ళ కింద ఊరు. సీనియారిటీని బట్టి బండి రూటు కోరుకునే హక్కు అతనికి ఎప్పుడో వచ్చింది. కోరుకోలేదు సరికదా, కోరుకున్నవాళ్ళని వదిలిపెట్టేవాడు కాదు. "కూర్చో నాయనా కూర్చో, ఇంకో రెండేళ్ళకి నిన్నూ కుర్చీనీ విడదియ్యడానికి వడ్రంగి కావాలి" అని దెప్పేవాడు. అంత నోరు చేసుకున్నవాడికి ఆగస్టులో మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలోకి మేకు దిగినట్టుండేది. నొప్పి సంగతి అలా ఉంచి, ముందు అతనికి సిగ్గేసింది.

భార్య మార్లిస్ పోరగా పోరగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పిక్కలు బిగుసుకుపోయి అరికాలిని వెనక్కి గుంజుతున్నాయనీ, వాలుబల్ల మీద నిలబడి వాటిని సాగదియ్యమనీ చెప్పాడాయన. వేళ్ళు పైకి, మడమలు కిందికి ఉండేలా నిలబడి, మోకాళ్ళు వంచకుండా నడుము పైభాగాన్ని ముందుకు వాల్చాలి. పొద్దున్నా సాయంత్రం ఇంట్లో, మధ్యలో ఒకసారి పనిలో. వెర్లిన్ గ్యారేజీలో ప్లైవుడ్ ముక్కలు కోసి తనే బల్ల చేసుకున్నాడు, కాలు జారకుండా పైన గరుకు కాగితం అంటించాడు. వారం తిరక్కుండానే గుణం కనిపించింది. దాంతో ఉత్సాహం ఆపుకోలేక బల్లని చంకన పెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళాడు.

అదే తప్పయింది. కాఫీ యంత్రం పక్కన బల్ల వేసి నిలబడ్డాడో లేదో సూపర్‌వైజర్ డ్వేన్ చూశాడు.

"ఏం వెర్లిన్, బాలే డాన్సు నేర్చుకుంటున్నావా?"

"పిక్కలు లాగుతున్నాయి, అంతే."

"అయ్యో, నడిచేవాళ్ళకి కూడా లాగుతాయా? కూర్చునేవాళ్ళకే అనుకున్నాం!"

మర్నాటికి ఆ బల్లకి ఎవరో గులాబీరంగు రిబ్బను కట్టి, పువ్వులా ముడేశారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా వెర్లిన్ నవ్వాడు. సాయంత్రం బల్లని కారు డిక్కీలో పడేసుకుని ఇంటికి తీసుకుపోయాడు, మళ్ళీ తేలేదు. కాలెలా ఉందని ఎవరైనా అడిగితే "ఎప్పుడో తగ్గిపోయింది" అనేవాడు. తగ్గలేదు. మధ్యాహ్నం పూట సాగదియ్యకపోతే సగం రూటు దాటేసరికి మడమ మొరాయించేది. ఎవరూ చూడని చోట, దారిలోనే ఎక్కడైనా ఓ వాలు దొరికితే బాగుండునని వెతుక్కున్నాడు. ఊరంతటికీ దొరికింది ఒక్కటే. ఆర్దిస్ ట్వేట్ గారి గుమ్మం.

మిసెస్ ట్వేట్‌కి ఎనభై దాటాయి. గుండె కవాటం పాడై, నాలుగడుగులు వేస్తే ఆయాసం. చక్రాల కుర్చీలోకి వచ్చాక ఆవిడ చర్చి మగవాళ్ళు నలుగురు వచ్చి, మెట్లు పీకేసి, గుమ్మం దాకా చెక్క ర్యాంపు కట్టిపెట్టారు. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు. ఉత్తరాల డబ్బా పైన తలుపు పక్కనే. అంటే వెర్లిన్ ఎలాగూ ఆ వాలు ఎక్కవలసినవాడే. ఒకరోజు ఎక్కుతూ మధ్యలో ఆగి, కమ్మీలు పట్టుకుని, మడమలు దింపి ముందుకు వాలాడు. ఆ హాయికి కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి.

అప్పటినుంచి రోజూ అదే తంతు. టోపీ తీసి కమ్మీకి తగిలిస్తాడు, తలుపుకేసి నిలబడతాడు, తల వంచుతాడు, కళ్ళు మూసుకుంటాడు, లోలోపల లెక్కపెట్టుకుంటాడు. తర్వాత ఉత్తరాలు డబ్బాలో వేసి వెళ్ళిపోతాడు. బెల్లు కొట్టి "మీ ర్యాంపు వాడుకోవచ్చాండీ" అని అడగడానికి మొహమాటం. ఇలాంటి చిన్న విషయానికి ముసలావిణ్ణి కుర్చీతో సహా తలుపు దాకా రప్పించడం ఏం మర్యాద అనుకున్నాడు. ఆ లోయలో జనం అందరూ అంతే. పక్కింటివాడి పెరట్లో పొగ వస్తున్నా, అడిగితే ఏమనుకుంటాడోనని కాసేపు ఆగి చూస్తారు.

లోపల మిసెస్ ట్వేట్‌ది కూడా అదే మర్యాద. కిటికీ తెర పక్కనుంచి ఆవిడకి అంతా కనిపించేది.

నవంబరు మొదట్లో ఒక గురువారం, పొద్దున్న ఉత్తరాలు సర్దుకుంటుంటే డ్వేన్ వచ్చి వెర్లిన్ భుజం మీద చెయ్యి వేశాడు. డ్వేన్ ఎవరి మీదా చెయ్యి వేసే మనిషి కాదు.

"వెర్లిన్, నీకు క్షమాపణ చెప్పుకోవాలి."

"దేనికి?"

"నీ స్కానర్ నువ్వు ఎక్కడెంతసేపు ఆగావో మా తెర మీద చూపిస్తుంది కదా. రోజూ ట్వేట్ వాళ్ళింటి దగ్గర ఆగుతున్నావు. సిగరెట్ మొదలెట్టాడేమో, పిలిచి తలంటుదామనుకున్నాను. ఈలోగా మా ఆవిడ చర్చి నుంచి వచ్చి చెప్పింది." డ్వేన్ గొంతు తగ్గించాడుగానీ గదిలో అందరికీ వినిపించేంతగానే తగ్గించాడు. "ఆవిడ కోసం ప్రార్థన చేస్తున్నావటగా. చలిలో, గాలిలో, టోపీ తీసి మరీ. ఎవరికీ ఒక్కమాట చెప్పకుండా. నీలో ఈ మనిషి ఉన్నాడని నాకు తెలీదయ్యా."

గదిలో ఉత్తరాల చప్పుడు ఆగిపోయింది. ఆ రిబ్బను కట్టినవాడెవడో అతను కూడా తల దించుకున్నాడు. వెర్లిన్ నోరు తెరిచాడు. కాదు, నేను పిక్కలు సాగదీసుకుంటున్నాను, అనాలి. అంటే కాలు తగ్గలేదని తెలుస్తుంది, రెండు నెలల నుంచీ చెప్పింది అబద్ధమని తెలుస్తుంది, మళ్ళీ బాలే డాన్సు మొదలవుతుంది. తెరిచిన నోరు మూసేశాడు. డ్వేన్ దాన్ని వినయం అనుకుని ఇంకోసారి భుజం తట్టాడు.

ఆవేళ ర్యాంపు మీద ఆగకుండా గబగబా ఎక్కి, డబ్బాలో ఉత్తరాలు పడేసి పోదామనుకున్నాడు. తలుపు తెరుచుకుంది. గులాబీరంగు స్వెట్టరు, మెడ దగ్గర వెండి బ్రోచి, పెదాలకి లేతగా రంగు, ఒళ్ళో లెఫ్సాల పొట్లం, మడిచిన పల్చటి బంగాళాదుంప రొట్టెలు. మిసెస్ ట్వేట్ ఎదురుచూస్తూ కూర్చుంది.

"ఇన్నాళ్ళూ నిన్ను పలకరించలేదు వెర్లిన్. ఏమీ అనుకోకు. ప్రార్థనలో ఉన్న మనిషిని కదిలించడం ఎలాగా అని."

"అబ్బే, మిసెస్ ట్వేట్..."

"ఉండు, నన్ను చెప్పనీ, ఆయాసం వచ్చేలోగా. డాక్టర్లు వసంతం నుంచీ ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. నేను ఒప్పుకోలేదు. ఎవరి కోసం బతకాలి, ఇంక చాల్లే అనుకున్నాను. మా అమ్మాయి ఏడ్చింది, పాస్టర్ గారు చెప్పారు, ఊహూ. అప్పుడు నువ్వొచ్చి నిలబడ్డావు. బంధువువి కాదు, మా చర్చివాడివి కూడా కాదు. వీడికేం పట్టిందని రోజూ నా గుమ్మంలో నిలబడుతున్నాడు అనుకున్నాను. సిగ్గేసింది నాకు. ఒప్పేసుకున్నాను. సోమవారం ఆపరేషన్."

"సోమవారమా?"

"సోమవారం పొద్దున్నే. ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టారు. నువ్వు నా పక్కన నిలబడాలి. ఇవి తీసుకో, నిన్న చేశాను. కూర్చునే చేశాను, కంగారుపడకు."

వద్దండీ, అన్నాడు. తీసుకో, అంది. ఎందుకండీ శ్రమ, అన్నాడు. తీసుకో, అంది. మూడోసారి వద్దనడం ఆ ఊళ్ళో అవమానం కింద లెక్క, అందుకని తీసుకున్నాడు. మూల మలుపు తిరిగాక, ఆకలేసి, సిగ్గులేకుండా ఒకటి తిన్నాడు. వెన్నా చక్కెరా రాసి చుట్టింది, నోట్లో కరిగిపోయింది. దానికి తోడు సిగ్గు కూడా మింగవలసి వచ్చింది.

ఇంట్లో విషయం చెప్పగానే మార్లిస్ స్టవ్ పట్టుకుని మరీ నవ్వింది. "నువ్వా! ప్రార్థనా! క్రిస్మస్‌కి చర్చికి రమ్మంటే మడత కుర్చీలో నిద్రపోయేవాడివి!" అని కళ్ళు తుడుచుకుంది. వెర్లిన్ నవ్వలేదు. కాసేపటికి ఆమె కూడా ఆపేసింది.

"ఆపరేషన్‌కి నీ మూలానే ఒప్పుకుందా?"

"అలాగే చెప్పింది."

"అయితే నువ్వు నిజం చెప్తే మానేస్తుంది."

"మానేస్తే చచ్చిపోతుంది. చెప్పకపోతే ఆదివారం వెళ్ళి చర్చి మధ్యలో నిలబడాలి. దేవుడి ముందు. నా పిక్కల కోసం."

"మొదట్లోనే బెల్లు కొట్టి అడిగుంటే సరిపోయేది."

"ఆ ముక్క నాకు తెలీదనుకున్నావా!" అని అరిచాడు. పెళ్ళయ్యాక మార్లిస్ మీద అరిచింది బహుశా అదే మొదలు. తర్వాత వాలుబల్ల ఎక్కాడు, తల వంచాడు, తనని తను చూసుకున్నట్టయి వెంటనే దిగిపోయాడు.

శుక్రవారం అతను చేసిన పని ఇంకా నీచం. చెప్పదలుచుకోలేదు, నిలబడదలుచుకోలేదు. ర్యాంపు పక్కనుంచి గడ్డి మీదుగా వెళ్ళి, దొంగలా చెయ్యి చాపి డబ్బాలో ఉత్తరాలు వేశాడు. వెనక్కి తిరుగుతుంటే తెర సందులోంచి కనిపించింది. మిసెస్ ట్వేట్ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. అదే స్వెట్టరు, అదే బ్రోచి. చేతులు జోడించి, తల వంచి, కళ్ళు మూసుకుని ఉంది. అతను ఎదురుగా నిలబడి ఉన్నాడనుకుని తనూ ప్రార్థిస్తోంది. అంటే ఇన్నాళ్ళూ అలాగే కూర్చుందన్నమాట. అతను లెక్కపెట్టుకున్నంతసేపూ ఆవిడ అవతల దేవుడితో మాట్లాడింది. వెర్లిన్‌కి తల కొట్టేసినట్టయింది. అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు, ఆ రోజంతా ఎవరింటి డబ్బాలో ఎవరి ఉత్తరాలు వేశాడో అతనికే తెలియదు.

శనివారం బెల్లు కొట్టాడు.

"నిన్న నువ్వు ఆగలేదు," అంది మిసెస్ ట్వేట్ తలుపు తీస్తూనే. "కళ్ళు తెరిచేసరికి లేవు. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ. కాదు, బాగాలేదు. కాలు."

"ఏ కాలు?"

"కుడి మడమ. మిసెస్ ట్వేట్, మీకో మాట చెప్పాలి. నేను ఇక్కడ నిలబడేది ప్రార్థనకి కాదండీ. పిక్కలు సాగదీసుకోడానికి. ఊళ్ళో ఇంకెక్కడా వాలు లేదు. డాక్టరు చెప్పాడు, ఇలా నిలబడమని." మాటలు చాలక, నమ్ముతుందో లేదోనని, ర్యాంపు మీదికి దిగి చేసి చూపించాడు. కమ్మీలు పట్టుకుని, మడమలు దింపి, ముందుకు వాలి.

ఆవిడ చూసింది. తల నుంచి మడమ దాకా చూసింది.

"తల ఎందుకు వంచుతావు?"

"అలా అయితే మెడ పట్టెయ్యదండీ."

"కళ్ళు?"

"మొదట్లో నొప్పిగా ఉంటుంది."

"టోపీ?"

"చెమట."

"పెదాలు కదిలేవే. నేను చూశాను, కదిలేవి."

"లెక్కపెట్టుకుంటానండీ. ముప్ఫై దాకా."

మిసెస్ ట్వేట్ చెయ్యి బ్రోచి మీదికి వెళ్ళింది, దాన్ని విప్పబోయి వదిలేసింది.

"ఇది మా పెళ్ళిది," అంది. "రోజూ నువ్వొచ్చే వేళకి పెట్టుకునేదాన్ని. నా కోసం ఒక మనిషి దేవుడి దగ్గర నిలబడుతుంటే నేను నైట్‌గౌనులో ఉండటం బాగోదని. రంగు కూడా వేసుకున్నాను. ఎనభై మూడేళ్ళదాన్ని. నీ పిక్కల కోసం."

వెర్లిన్‌కి ఆ ర్యాంపు పలకల సందుల్లోంచి జారి కిందికి పోవాలనిపించింది. "క్షమించండి" అనబోయాడు, ఆ మాట సరిపోదని తెలిసి మింగేశాడు.

"గురువారం లెఫ్సా తీసుకున్నప్పుడు నీకు తెలుసా? నేను ఏమనుకుంటున్నానో?"

"తెలుసండీ."

"తిన్నావా?"

"తిన్నానండీ."

"ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ."

"ఉంటుంది," అంది ఆవిడ. అది కోపమో ఏమిటో అతనికి అర్థంకాలేదు.

"మిసెస్ ట్వేట్, దయచేసి ఆపరేషన్ మానెయ్యకండి. నా మూలాన..."

"నీ మూలాన ఏంటి? అది నా గుండె. నీ మడమకీ దానికీ ఏం సంబంధం లేదు. మా అమ్మాయి మినియాపొలిస్‌లో బయల్దేరేసింది. వెళ్తాను." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "కానీ రేపు నువ్వు రావాలి. వచ్చి నా పక్కన నిలబడాలి."

"ఇప్పుడు కూడానా? నిజం తెలిశాక?"

"తెలిశాక కాబట్టే. ఊరందరికీ చెప్పుకున్నాను వెర్లిన్. చర్చి కుట్టుపని సంఘంలో చెప్పాను, ఫోనుల్లో చెప్పాను. లోయిస్ బక్కెకైతే రెండుసార్లు చెప్పాను, ఒకసారి చెబితే నమ్మదని. దేవుడు నా గుమ్మంలోకి మనిషిని పంపించాడన్నాను. ఆయన పంపించింది కాలినొప్పినని తెలిస్తే, నేను ఆపరేషన్ బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు వాళ్ళు చర్చి కింది గదిలో కాఫీ తాగుతూ నవ్వుకుంటారు. నాకు ఆ నవ్వు వినపడుతుంది, మత్తిచ్చినా సరే. రేపు వస్తావా రావా?"

అతనికి ఆ నవ్వు తెలుసు. రిబ్బను కట్టిననాడు విన్నాడు.

"వస్తానండీ," అన్నాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మార్లిస్‌తో చర్చికి వెళ్ళాడు. పాస్టర్ క్రిస్టా పిలిచారు. వెర్లిన్ లేచి, అందరూ చూస్తుండగా నడవా మధ్యలోంచి వెళ్ళి, మిసెస్ ట్వేట్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. పాస్టర్ ప్రార్థన మొదలెట్టారు. అతను తల వంచాడు. కింది నుంచి మిసెస్ ట్వేట్, తల ఎత్తకుండానే, "పెదాలు" అంది.

"ఏంటండీ?"

"పెదాలు కదుపు. లోయిస్ చూస్తోంది."

కదిపాడు. ఏం అనుకుంటూ కదపాలో తెలియక ఒకటి, రెండు, మూడు అనుకున్నాడు. ఆ అంకెలు దేవుడి ఇంట్లో అంటున్నందుకు చెవులు కాలిపోయాయి. ముందు వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. కారులో ఇంటికి వెళ్తున్నంతసేపూ మార్లిస్ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది, ఆ పొలాల్లో దుంపలు కూడా తీసేశారు, చూడ్డానికి ఏమీ లేదు.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. అదీ వచ్చిపడ్డ ముప్పు. వెర్లిన్ సంతోషించాడు, అబద్ధం కాదు. మంగళవారం పొద్దున్న డ్వేన్ ఆ కబురు చెప్పగానే సంచి మీద చెయ్యి ఆనించి, ఇంకోసారి చెప్పమన్నాడు. డాక్టర్లు అనుకున్నదానికంటే బాగా ఉందట, లేచి కూర్చుని ఆస్పత్రి కాఫీ నీళ్ళలా ఉందని తిట్టిందట. డ్వేన్ భార్య కేకు పంపింది. కేకు మీద రెండు చేతులు జోడించినట్టు చక్కెరతో వేశారు. ఎవరైనా పొరపాటున నవ్వినా బాగుండునని వెర్లిన్ చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు.

ర్యాంపు మానేశాక మడమ మళ్ళీ తిరగబెట్టింది. కుంటుతూ సంచి తగిలించుకుంటుంటే వెనకాల ఒకతను రెండోవాడితో అంటున్నాడు: "చూశావా, మోకాళ్ళ మీద నిలబడీ నిలబడీ ఎలా అయిపోయాడో." వెర్లిన్ ఆ మాట వినలేదన్నట్టు నడిచాడు. కుంటకుండా నడవడానికి ప్రయత్నించాడు, కుదరలేదు.

బుధవారం గ్యారీ స్టెన్‌రుడ్ తన ఇంటి ముందు నిలబడి కనిపించాడు. చక్కెర మిల్లులో పనిచేసే మనిషి, ఆరడుగుల పైన, చేతులు పారల్లా ఉంటాయి. వాతావరణం గురించి మాట్లాడాడు. మంచు పడొచ్చన్నాడు. వెర్లిన్ కూడా పడొచ్చన్నాడు. దుంపల దిగుబడి గురించి మాట్లాడాడు. ఇంక మాట్లాడటానికి ఏమీ మిగలకపోయాక గ్యారీ బూట్లకేసి చూసుకుంటూ అన్నాడు:

"నీకు మరీ ఇబ్బంది కాకపోతేనే."

"చెప్పు గ్యారీ."

"మా ఆవిడ కోనీకి బాగోలేదు. కాలేయంలో. ఇంక మందులు ఆపేశారు. ముందుగదిలోనే మంచం వేశాం, కిటికీ పక్కన. నువ్వెలాగూ రోజూ వస్తావు కదా. ఎక్కువసేపు వద్దు. ట్వేట్ గారికి నిలబడ్డట్టు. అర నిమిషమైనా చాలు."

చెప్పెయ్యాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంక మనిషిని కాదు. చెబితే మిసెస్ ట్వేట్ నవ్వులపాలు, ఆస్పత్రి మంచం మీద, కుట్లు కూడా ఆరకుండా. చెప్పకపోతే ఈ మనిషిని మోసం చేసినట్టు. అంత పెద్ద శరీరం, చిన్నపిల్లాడిలా బూటు కొనతో గడ్డిని పొడుస్తూ, కాదంటాడేమోనని ముందే సిగ్గుపడుతోంది. అడగడం అంటే ఏమిటో ఎరగని మనుషులు వాళ్ళు. ఈ ఒక్కమాట కూడదీసుకోవడానికి గ్యారీకి ఎన్నాళ్ళు పట్టిందో.

"నిలబడతాను," అన్నాడు వెర్లిన్.

రాత్రి మంచు పడింది. గురువారం వెళ్ళేసరికి స్టెన్‌రుడ్ వాళ్ళ దారి మీద అంగుళం మంచు అలాగే ఉంది, ఒక్క గుమ్మం ముందు మాత్రం శుభ్రంగా ఎత్తేసి, ఉప్పు చల్లి, కిటికీకి ఎదురుగా కొత్త రబ్బరు చాప వేసి ఉంది. మనిషి నిలబడటానికి. ఆ చాప చూడగానే వెర్లిన్‌కి వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది. బూట్లకున్న మంచు దులుపుకుని దాని మీద నిలబడ్డాడు. బల్లపరుపు నేల, పిక్కలకి ఒరిగేదేమీ లేదు, పైగా చలికి మడమ సలుపుతోంది. టోపీ తీశాడు. తల వంచాడు. కళ్ళు మూసుకున్నాడు. అంకెలు రాబోయాయి, పళ్ళు బిగించి ఆపాడు.

కిటికీ ఒక పిసరు తెరిచి ఉంది. లోపలినుంచి ఎండిపోయిన గొంతు వినిపించింది.

"పైకి అను. నాకు వినపడట్లేదు."

వెర్లిన్ కళ్ళు తెరిచాడు. దిండు మీద పచ్చబడ్డ ముఖం, అందులో కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆ కళ్ళ ముందు అతను ఇంక ఒక్క క్షణం కూడా నిలవలేకపోయాడు.

"మేడమ్," అన్నాడు, "నాకు ప్రార్థన రాదు. ఎప్పుడూ చెయ్యలేదు. ట్వేట్ గారింటి దగ్గర నేను కాలు సాగదీసుకునేవాణ్ణి. అందరూ ఏదో అనుకున్నారు, నేను కాదనలేదు. నేను మంచివాణ్ణి కాదు. నన్ను క్షమించండి."

కోనీ స్టెన్‌రుడ్ గొంతులోంచి మూలుగో నవ్వో తెలియని చప్పుడొకటి వచ్చింది.

"నేననుకున్నా," అంది. "మడమలు కిందికి దించి, ముందుకు వాలి ప్రార్థన చేసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. రోజూ ఆ వీధిలోంచే ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళం."

"అయితే గ్యారీకి ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తాను? ఈ గుమ్మం ముందు మంచు పొద్దున నాలుగింటికి లేచి ఎత్తాడు. ఆ చాప కొనడానికి ఫార్గో దాకా పోయాడు. అతనికి చెయ్యడానికి ఇంకేం మిగల్లేదయ్యా." ఆమె కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరిచింది. "ఇప్పుడు కూడా వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. తిరక్కు. తల వంచు."

వెర్లిన్ తల వంచాడు.

"రేపు కూడా రా," అంది కోనీ.

"వస్తానండీ," అన్నాడు.